మధుమేహ రోగికి గృహపరిచర్య

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువబడిన ఆరోగ్యోపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున ఒక వ్యాధిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్తలు పుస్తకములను పడవలో పేర్చుకొని కృష్ణా కాలువల వెంబడి పల్లెపల్లెకు కొనిపోయిరి. చదువు మనుజుని వెదకికొనుచు వచ్చి, అతని నిత్యజీవితమునకు అక్కరకు రావలెనన్నదే వారి ఆశయము. నేడు పల్లెలలో అట్టి చదువు మిక్కిలి అక్కరపడు విషయములలో మధుమేహ రోగి పరిచర్య యొకటి. ఈ వ్యాధికి మందు అంగడిలో దొరకును. పరీక్ష ఆసుపత్రిలో జరుగును. పరిచర్య మాత్రము ఇంటిలోనే జరుగవలెను. వైద్యుడు నెలకొకసారి కొన్ని నిమిషములు రోగిని చూచును. తక్కిన దినములన్నియు రోగి ఇంటివారి కనుసన్నలలోనే గడుపును.

దేశవ్యాప్తముగా జరిగిన ఒక సర్వేక్షణ ఫలితములను భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు మధుమేహ పరిశోధన సంస్థల పరిశోధకులు 2023లో ప్రకటించిరి. దాని ప్రకారము భారతదేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. పట్టణములందు వయోజనులలో నూటికి 16 మందికి, పల్లెలలో సుమారు 9 మందికి ఈ వ్యాధి యున్నట్లు తేలినది. ఇది కూర్చుండి తినువారి జబ్బు, నాగలి పట్టువారికి రాదు అను మాట ఇక చెల్లదు.

తేలు కుట్టినచో ఇల్లంతయు మేల్కొనును. పన్ను నొచ్చినచో రోగియే పరుగున వైద్యుని చేరును. మధుమేహము అట్టిది కాదు. అది చాలకాలము నొప్పి పెట్టదు. అంతటితో ఆగక, నరములను చెరచి, నొప్పిని తెలుపు శక్తినే హరించును. కాలిలో ముల్లు దిగినను రోగికి తెలియదు. నొప్పి చెప్పవలసిన కబురును చెప్పకున్నప్పుడు మరియొకరి కన్ను ఆ కబురును కనిపెట్టవలెను. మధుమేహ పరిచర్యలోని సారమంతయు ఇదియే.

ప్రాచీనుల మాట, నవీనుల మాట

ఈ వ్యాధి భరతఖండమునకు క్రొత్తది కాదు. మూత్రము తియ్యనై చీమలను ఆకర్షించుటను ప్రాచీన వైద్యులు గమనించి దీనికి మధుమేహమని పేరిడిరి. పుట్టుకతో సంక్రమించునది యొకటి, అపథ్యము వలన కలుగునది యొకటి యని సుశ్రుత సంహిత రెండు తెరగుల ప్రమేహమును చెప్పినది. నేటి శాస్త్రము చెప్పు కారణములు వేరైనను రెండు ముఖ్యమైన రకములు కలవనుట మాత్రము నిజము. కడుపులో జీర్ణకోశము వెనుకనున్న క్లోమ గ్రంథి ఇన్సులిను అను రసమును స్రవించును. రక్తములోని చక్కెరను కండరములు మొదలగునవి గ్రహించుటకు అది తాళపుచెవి వంటిది. మొదటి రకమున ఆ రసము దాదాపు పూర్తిగా ఎండిపోవును. ఇది తరచు పిన్నవయస్సుననే వచ్చును. రెండవ రకమున రసము చాలదు, ఉన్నదియు సరిగా పని చేయదు. రోగులలో అత్యధికులు ఈ రెండవ రకమువారే.

1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేరుపరచిరి. 1922 జనవరిలో లియోనార్డు థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి అది మొదటిసారి ఇయ్యబడినది. తొలి సూదిమందు అంతగా ఫలింపలేదు. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు మందును శుద్ధిచేసిన పిమ్మట ఇచ్చినది ఫలించినది. మరణమునకు చేరువైన ఆ బాలుడు మరి 13 సంవత్సరములు జీవించెను. అంతకు పూర్వము మొదటి రకము రోగులకు ఉపవాసము తప్ప గతి లేకుండెను. ఇన్సులిను వచ్చుటతో మరణము తప్పినది. కాని దినదినము సూది వేయుట, ఆహారమును తూచుట, లక్షణములను కనిపెట్టుట అను క్రొత్త బాధ్యత ఇంటివారిపై పడినది. బోస్టను నగర వైద్యుడు ఇలియట్ జాస్లిన్ దీనిని ముందుగనే గుర్తించెను. రోగులు చదువుకొనుటకై ఆయన 1918లోనే ఒక చేతిపుస్తకమును వెలువరించెను. తరువాత శిక్షణ పొందిన నర్సులను రోగుల ఇండ్లకు పంపి కుటుంబములకు పరిచర్య నేర్పించెను.

పరిచారకునికి నాలుగు గుణములు కావలెనని చరక సంహిత చెప్పినది: ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము. తెలుగు ఇండ్లలో అనురాగమునకు కొదువ లేదు. తక్కిన మూడును తోడు లేనప్పుడు ఆ అనురాగమే రోగికి కీడు చేయుటయు కలదు. అందుచేత ఇక్కడ అనురాగము కడపట చెప్పబడుచున్నది.

ఉపచారజ్ఞానము

అతిదాహము, రాత్రివేళ మాటిమాటికి మూత్రమునకు లేచుట, కారణము లేకయే చిక్కిపోవుట, చూపు మసకబారుట, పుండ్లు త్వరగా మానకుండుట, ఇవి మధుమేహ లక్షణములు. పెక్కుమందికి ఇవేవియు కనబడవు. కనుక 30 ఏండ్లు దాటిన ప్రతివారును పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఇందుకు ఏర్పాటు కలదు. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తమున 100 మిల్లీగ్రాములకు లోపు చక్కెర యుండుట ఆరోగ్యము. 126 గాని అంతకు మించి గాని యున్నచో, మరల చేసిన పరీక్షలోను అట్లే తేలినచో, అది మధుమేహము. గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపు మరియొక పరీక్షయు కలదు. పరీక్షకు ముందు రెండు దినములు పథ్యము పాటించి వైద్యుని మెప్పింపదలచువారి గుట్టును ఆ పరీక్ష బయటపెట్టును.

ఆహార విషయమున అపోహలు మెండు. చక్కెర మానితిమి, బెల్లమే వాడుచున్నాము అందురు; రక్తమునకు రెండును ఒక్కటే. అన్నము మాని రాగిసంగటి ఎంత తినినను దోషము లేదందురు; రాగులలోను పిండిపదార్థము కలదు, పలుచని జావగా త్రాగినచో అది వేగముగనే రక్తమున చేరును. కాకరకాయ రసము త్రాగి మాత్రలు మానువారు కలరు. కాకరకాయ కూరగా మంచిదే, మందునకు బదులు కాదు. తేలికగా గుర్తుండు పద్ధతి యొకటి కలదు. కంచములో సగము ఆకుకూరలు, కాయగూరలు ఉండవలెను. మిగిలిన సగములో ఒక పాలు పప్పు, గ్రుడ్డు, చేప వంటివి, మరియొక పాలు అన్నము గాని రొట్టె గాని ఉండవలెను. మజ్జిగకు అడ్డు లేదు. ఇంటివారందరును ఈ విధముగనే భుజించినచో రోగికి వేరు వంట వండు పని తప్పును, తక్కినవారికిని మేలగును.

ఎంత తినవలెనన్నదానితో పాటు ఎప్పుడు తినవలెనన్నదియు ముఖ్యమే. ఇన్సులిను గాని కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు వేళకు తినకున్నచో చక్కెర 70కి లోబడి పడిపోవును. అపుడు చెమటలు పట్టును, చేతులు వణకును, గుండె దడదడలాడును, ఆకలి, కోపము, తికమక కలుగును, మాట తడబడును. ఇట్టివానిని చూచి త్రాగియున్నాడనియో, గాలి సోకినదనియో భ్రమపడి కాలమును పోగొట్టినచో ప్రాణమే పోవచ్చును. స్పృహ యున్నప్పుడు మూడు చిన్న చెంచాల చక్కెరను నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. 15 నిమిషములకు మరల పరీక్షించి, చాలనిచో మరియొకసారి ఈయవలెను. తేరుకొనిన పిమ్మట అన్నము పెట్టవలెను. స్పృహ తప్పినవాని నోట నీరుగాని చక్కెరగాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి కబురు చేయవలెను. మాత్రల వలన పడిన చక్కెర ఒకసారి లేచినను మరల పడుట కలదు. కనుక తేరుకొనెను గదా యని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

చక్కెర మిక్కిలి పెరుగుటయు అపాయమే. జ్వరము, వాంతులు వచ్చిన దినమున, అన్నము తినలేదు గదా యని ఇన్సులినును పూర్తిగా మానివేయుట పెద్ద పొరపాటు. జబ్బు వలన చక్కెర మరింత పెరుగును. మోతాదును గూర్చి వైద్యుని అడిగి, పరీక్షలు తరచుగా చేయుచు, నీరు త్రాగించుచుండవలెను. వాంతులు ఆగకున్నను, శ్వాస లోతుగా వేగముగా నడచినను, నోట పండిన పండు వాసన వచ్చినను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

దక్షత

తెలిసిన పనిని చేతితో తప్పులేకుండ చేయుటయే దక్షత. ఇన్సులిను విషయమున మొదట చూడవలసినది సీసాపై అంకె. భారతదేశమున వాడుకలోనున్న సీసాలలో పెక్కింట ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్లుండును. కలము వంటి సాధనములలో 100 యూనిట్లుండును. 40 సీసాకు 40 సిరంజియే వాడవలెను. 100 యూనిట్ల మందును 40 సిరంజితో కొలిచినచో మోతాదు రెండున్నర రెట్లగును. తెల్లగా మబ్బుగానుండు రకమును కుదుపక, అరచేతుల నడుమ మెల్లగా దొర్లింపవలెను. సూదిని బొడ్డుకు రెండు వ్రేళ్ళ ఎడముగా పొట్టపైగాని, తొడ ప్రక్కనగాని వేయవలెను. దినదినము చోటు మార్చవలెను. ఒకే చోట వేసినచో అచట గడ్డకట్టి మందు సరిగా ఒంటబట్టదు.

తెరువని సీసాను ఫ్రిజ్జిలో ఉంచవచ్చును గాని మంచుగడ్డ కట్టు అరలో ఉంచరాదు. గడ్డకట్టిన ఇన్సులిను పనికిరాదు. వాడుచున్న సీసా చల్లని నీడపట్టున సుమారు నాలుగు వారములు చెడకుండును. ఫ్రిజ్జి లేని ఇంట, సీసాను తడి తగులని డబ్బాలో పెట్టి చిన్న మట్టికుండలో ఉంచి, దానిని తడి యిసుక నింపిన పెద్దకుండలో అమర్చినచో వేసవిలోను చల్లగా ఉండును. కిటికీలోను, పొయ్యి దగ్గరను, ఎండలో నిలిపిన బండిలోను ఉంచినచో మందు బలము తగ్గును.

ఇక పరిశీలనము. ఫ్లారెన్సు నైటింగేలు తన పరిచర్యా గ్రంథమున రోగిని గమనించుటకే ఒక అధ్యాయమును కేటాయించెను. బాగున్నాడు, కొంచెము నలతగా నున్నాడు అను మాటలు వైద్యునికి ఉపకరింపవు. జ్వరమెంత, నాడి నిమిషమునకు ఎన్నిసార్లు కొట్టుకొనుచున్నది, చక్కెర ఏ వేళ ఎంత యున్నది, అన్నము ఎంత తినెను, మందు ఎప్పుడు పడెను అనునవి కావలెను. ఆరోగ్యవంతుని నాడి విశ్రాంతివేళ నిమిషమునకు 60 నుండి 100 వరకు కొట్టుకొనును. వీనినెల్ల తేదీలవారీగా వ్రాయుటకు బడిపిల్లవాని నోటుపుస్తకము చాలును. లెక్క వ్రాయని వ్యాపారమునకు లాభనష్టములు తెలియనట్లే, లెక్క వ్రాయని పరిచర్యకు రోగి గతి తెలియదు. చదువురాని ఇంట ఆ పుస్తకమును వ్రాయు పని బడికి పోవు మనుమరాలిదైనను కావచ్చును.

మంచము పట్టిన రోగిని రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. పిరుదులు, వీపు క్రిందిభాగము, మడమలు, మోచేతులు ఒత్తుకొని ఎఱ్ఱబారినవేమో చూడవలెను. పక్కబట్టలు ముడుతలు లేక పొడిగా నుండవలెను. మధుమేహికి పడకపుండు లేచినచో మాన్పుట కష్టము. రాకుండ చూచుటయే సుకరము.

శౌచము

రక్తము తీయుటకు ముందు రోగి చేతులు, పరిచారకుని చేతులు సబ్బుతో కడిగి ఆరనీయవలెను. వ్రేలికి పండురసమో బెల్లమో అంటియున్నచో యంత్రము లేని చక్కెరను చూపును. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడరాదు, భార్యాభర్తలైనను సరే. సూది ద్వారా కామెల వ్యాధి క్రిములు సంక్రమించును. వాడిన సూదులను చెత్తకుప్పపై విసరరాదు. అది ఊడ్చు తల్లి చేతికి గ్రుచ్చుకొనును. మూతగల గట్టి డబ్బాలో వేసి, నిండిన పిమ్మట ఆరోగ్య కేంద్రమున అప్పగింపవలెను. దంతములు, చిగుళ్ళు శుభ్రముగా నుండవలెను. మధుమేహులకు క్షయ సోకు అవకాశము హెచ్చు గనుక రెండు వారములకు మించిన దగ్గును ఉపేక్షింపరాదు.

శౌచములో ప్రధానమైనది పాదరక్షణము. ఒక రైతును తలచుకొనుడు. వరిమడిలో చెప్పులు లేక నడచుచుండగా గాజుపెంకు గ్రుచ్చుకొనినది. నొప్పి లేదు. వారమునకు వాసన వచ్చినది. పసరు కట్టిరి, పదిదినములకు వ్రేలు నల్లబడినది. పట్టణమునకు కొనిపోవునప్పటికి మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చినది. ఇట్టి కథలు వినని గ్రామము అరుదు. మొదటి దినమున ఒకరు దీపమెత్తి ఆ అరికాలిని చూచియున్నచో ఆ కాలు నిలిచియుండెడిది.

కనుక ప్రతిరాత్రి పాదములను చూడవలెను: అరికాలు, మడమ, వ్రేళ్ళ సందులు. రోగి వంగి చూచుకొనలేనిచో అద్దము పెట్టవలెను, లేదా ఇంటివారు చూడవలెను. గోరువెచ్చని నీటితో కడుగవలెను. ఆ నీటి వేడిని రోగి కాలితో కాక, మరియొకరి మోచేతితో పరీక్షింపవలెను. వ్రేళ్ళ సందులను పొడిబట్టతో తుడువవలెను. పగుళ్ళకు కొబ్బరినూనె పూయవచ్చును గాని సందులలో పూయరాదు. గోళ్ళను తిన్నగా కత్తిరింపవలెను. మూలలు లోతుగా తీయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. వేడినీళ్ళ సంచిని కాలికి ఆనింపరాదు. చలికాలమున నెగడుకు కాళ్ళు చాపరాదు. తొడుగుటకు ముందు చెప్పులను దులిపి, లోపల చేయి పెట్టి చూడవలెను. మధ్యాహ్నవేళ గుడిలో ప్రదక్షిణము చేయువారికి రాతినేల కాలినను తెలియదు. ఉదయముననే వెళ్ళుట మేలు. నేలపై పరుండువారి మొద్దుబారిన పాదములను రాత్రి ఎలుకలు కొరికిన ఉదాహరణములును కలవు. దోమతెరను పక్క క్రిందికి దోపుట అందుకును ఉపకరించును. చిన్న పొక్కు కనబడినను అదే దినమున వైద్యునికి చూపవలెను. పాదములతో పాటు కండ్లను, మూత్రపిండములను సంవత్సరమునకు ఒకసారియైనను పరీక్ష చేయింపవలెను. రక్తపోటును మరింత తరచుగా చూపించుకొనవలెను. పొగ త్రాగుట పూర్తిగా మానవలెను.

అనురాగము

పండుగనాడు ఒక్క బొబ్బట్టు తిన్నంతనే ఏమగునని ప్రేమతో పెట్టువారు కలరు. ఏకాదశి యని ఉపవసించు తల్లిని, రంజాను మాసమున ఉపవసించు తండ్రిని చూచి వారి భక్తికి మెచ్చుకొని ఊరకుండువారు కలరు. ఇన్సులిను మొదలుపెట్టినచో జీవితాంతము బానిసయగుననియు, అది కడపటి మందనియు చెప్పి మాన్పించు బంధువులు కలరు. వీరెవ్వరును శత్రువులు కారు. అయినను వీరి ప్రేమ రోగికి అపకారమే చేయుచున్నది. ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుట, పండుగ విందులో రోగి కంచమును ముందుగా ఏర్పరచుట, సూదిమందును గూర్చిన భయమును తీర్చుట, ఇవి తెలిసిన ప్రేమ చేయు పనులు. నిత్యము నిషేధములు వల్లించుటయు ప్రేమ కాదు. దొంగచాటుగా తిని అబద్ధమాడు స్థితికి రోగిని తెచ్చినచో నోటుపుస్తకములోని అంకెలన్నియు వ్యర్థములే. కోపగింపనివారికే రోగి నిజము చెప్పును.

మరియొక విషయము. ఇంటిలో అత్తకు, మామకు, భర్తకు, బిడ్డలకు పరిచర్య చేయునది గృహిణి. ఆమెకే మధుమేహము వచ్చినప్పుడు పరిచర్య చేయువారెవరు? అందరి కంచములు లేచిన పిమ్మట, వేళ తప్పి, మిగిలిన అన్నముతో ఆమె భోజనము. ఆమె అరికాలును దీపమెత్తి చూచువారు లేరు. ఆమె మాత్రలు అయిపోయిన సంగతి సంతవారము వరకు ఎవరికిని తెలియదు. పరిచర్య ఆడువారి పని యను తలపు ఉన్నంతకాలము ఇండ్లలో సగము రోగులకు పరిచారకులు ఉండరు. చరకుడు చెప్పిన నాలుగు గుణములలో ఏదియు స్త్రీకి మాత్రమే అబ్బునది కాదు. సూది వేయుట, పాదములు చూచుట, వేళకు అన్నము వడ్డించుట మగవారును నేర్చుకొనవలెను.

గ్రంథాలయము ఈ విషయమున చేయదగిన పనులు స్వల్పవ్యయముతో కూడినవే. ఆరోగ్య పుస్తకములకు ఒక అరను కేటాయింపవచ్చును. చక్కెర పడిపోయినప్పుడు చేయవలసిన పనులను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు వ్రేలాడదీయవచ్చును. నెలకొక సాయంకాలము ఆరోగ్య కార్యకర్తను పిలిపించి, నోటుపుస్తకములతో వచ్చిన ఇంటివారికి అంకెలు చదువుట నేర్పింపవచ్చును. చదువురానివారికి చదివి వినిపించుట గ్రంథాలయములకు మొదటినుండియు ఉన్న ధర్మమే.

మధుమేహము నేటికి పూర్తిగా మాన్పదగిన వ్యాధి కాదు. అయినను అణచియుంచదగిన వ్యాధి. చక్కగా అణచియుంచినవారు పొలము దున్నుచు, పాఠములు చెప్పుచు, మనుమలను ఎత్తుకొనుచు దీర్ఘకాలము జీవించుచున్నారు. అందుకు కావలసిన కన్ను ప్రతి యింటను కలదు. రాత్రి భోజనములైన పిమ్మట దీపమును పాదముల దగ్గరకు తెచ్చుటయే మిగిలియున్నది.